సాయంత్రం మాత్ర

నేనేం ఉద్యోగం చేస్తానని ఎవరైనా అడిగితే మా అమ్మ ఇప్పటికీ "ఆసుపత్రిలో ఫోన్లు చేస్తుందండి" అని చెబుతుంది. అందులో అబద్ధమేమీ లేదు. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, మెట్ల కింద గదిలో కూర్చుని, కొత్త మందుల ట్రయల్స్‌లో చేరిన రోగులను కనిపెట్టుకుని ఉండడం నా పని. మందు రాసేది డాక్టరుగారు, రక్తం తీసేది నర్సు. మనిషి మధ్యలో మానేయకుండా చూసుకోవలసింది నేను.

మందు పనిచేసిందో లేదో తేలాలంటే చేరినవాళ్ళు చివరిదాకా రావాలి. కానీ బాగున్నవాళ్ళు బాగున్నాం కదా అని మానేస్తారు. బాగులేనివాళ్ళు దీనివల్ల ఏం ఒరిగిందని మానేస్తారు. ఇంట్లో పెళ్ళి కుదిరితే మానేస్తారు, ఊడ్పులు మొదలైతే మానేస్తారు, "నీ మీద ప్రయోగాలు చేస్తున్నారే" అని పక్కింటావిడ ఒక్క మాట అంటే మానేస్తారు. వాళ్ళందరికీ ఫోన్లు చేసి, ఆటో ఖర్చులు ఇప్పించి, మనవళ్ళ చదువుల గురించి అడిగి, మళ్ళీ ఆసుపత్రి గుమ్మం ఎక్కేలా చేయాలి. బలవంతం చేయకూడదు. వద్దన్నవాళ్ళను వదిలేయాలి. వద్దన్న మాట వాళ్ళ నోటిదాకా రాకుండా చూసుకోవడమే నా పనితనం.

ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు మీద ట్రయల్ మొదలైనప్పుడు ఆత్రేయపురం నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు వచ్చారు. అక్కకు అరవై దగ్గర పడుతున్నాయి. చెల్లెలు కొంచెం చిన్న. ఇద్దరికీ భర్తలు పోయారు, ఒకే ఇంట్లో ఉంటున్నారు. పెళ్ళిళ్ళకు ముందు నుంచీ పూతరేకులు తీయడమే వాళ్ళ బతుకు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పైన పల్చటి పిండిలో ముంచిన గుడ్డ. ఒక్క లాగు లాగితే కుండ మీద రేకు లేస్తుంది. ఆ పొగ దగ్గరే ఇద్దరి వయసూ గడిచింది. జబ్బు పొగవల్ల వచ్చిందో, రక్తంలోనే ఉందో డాక్టరుగారు కూడా తేల్చి చెప్పలేకపోయారు. వాళ్ళ నాన్న కూడా ఇలాగే దగ్గి దగ్గి పోయాడట.

ఇద్దరికీ ఒకేరోజు పరీక్షలు చేశాం. గొట్టం నోట్లో పెట్టుకుని ఊపిరంతా ఊదాలి, వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడవాలి, రక్తం ఇవ్వాలి. ట్రయల్‌కు అక్క సరిపోయింది. చెల్లెలు సరిపోలేదు. ఆమె కాలేయం ఎప్పుడో దెబ్బతిని ఉంది. ఈ మందు కాలేయం మీద భారం వేస్తుందన్న అనుమానంతో అలాంటివాళ్ళను చేర్చుకోవద్దన్నారు. బయట దొరికే మందులు కూడా అదే కారణంగా ఆమెకు పనికిరావు. ఆయాసం ఎక్కువైనప్పుడు ఆక్సిజన్ పెట్టడం తప్ప ఆమెకు చేయగలిగింది మా దగ్గర ఏమీ లేదు.

ఆ మాట నేనే చెప్పాను. చెల్లెలు తలూపి ఊరుకుంది. అక్క ఊరుకోలేదు.

"అయితే నా బదులు దాన్ని పెట్టుకోండి. నాకంటే దానికే ఆయాసం ఎక్కువ."

"అలా కుదరదండి పిన్నిగారూ. ఈ మందు ఆవిడకు చెడు చేస్తుంది."

"చేస్తుందో లేదో మీకూ తెలీదన్నారుగా? తెలుసుకోడానికేగా ఈ పరీక్షలన్నీ?"

నేను మరోసారి నెమ్మదిగా వివరించాను. ఇంకో సంగతి కూడా చెప్పాను. చేరినవాళ్ళలో కొందరికి అసలు మందు వెళుతుంది, కొందరికి అచ్చం అలాగే కనిపించే ఉత్తి బిళ్ళ వెళుతుంది. ఎవరికి ఏది వెళ్ళిందో వాళ్ళకూ తెలియదు, మాకూ తెలియదు. అక్క అంతా విని చెల్లెలి మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత "సరే, రాసుకోండి" అని వేలిముద్ర వేసే డబ్బా పక్కకు నెట్టి, గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది.

మా ట్రయల్‌లో ఆవిడంత నమ్మకమైన మనిషి ఇంకొకరు లేరు. రమ్మన్న రోజున పొద్దున్నే బయల్దేరి, బొబ్బర్లంకలో ఆటో మారి, బ్యారేజీ దాటి వచ్చేసేది. మాత్రలు అయిపోయిన అట్టలకు రబ్బరు బ్యాండు వేసి తెచ్చి నా బల్ల మీద పెట్టేది. చెల్లెల్ని కూడా వెంట తెచ్చేది. అక్క పరీక్షలు చేయించుకుంటుంటే చెల్లెలు నా గదిలో ఫ్యాను కింద కూర్చుని గోడకు తల ఆనించి కళ్ళు మూసుకునేది. నెలలు గడుస్తున్నా అక్క ఊదే ఊపిరి పెద్దగా తగ్గలేదు. ఆ జబ్బులో తగ్గకపోవడమే గొప్ప. డాక్టరుగారు పైకి ఏమీ అనేవారు కాదు గానీ ఆవిడ వచ్చిన రోజున ఆయన మొహం తేటగా ఉండేది.

మాత్ర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకోవాలి. నేను ఫోన్ చేసి అడిగేదాన్ని. "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా పిన్నిగారూ?"

"వేసుకుంటున్నామమ్మాయ్. ఒక్కటి కూడా పోనివ్వట్లేదు."

వేసుకుంటున్నాం అనడం ఆవిడ మాట తీరు అనుకున్నాను.

ఆ ఏడాది మా సెంటర్ పరిస్థితి బాగాలేదు. జంగారెడ్డిగూడెం నుంచి వచ్చే ఒక పామాయిల్ రైతు అంత దూరం బస్సులో కూర్చోలేనని మానేశాడు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న ఒకాయన్ని కొడుకులు హైదరాబాద్ తీసుకుపోయారు. మందు తయారుచేసే కంపెనీ తరఫున తనిఖీకి వచ్చే మానిటర్ టీ తాగుతూ, "ఇంకొకరు జారిపోతే ఇక్కడ మూసేస్తారు మేడం, నా చేతుల్లో ఏం లేదు" అన్నాడు. మూసేస్తే మిగిలినవాళ్ళకు మందు ఆగిపోతుంది. నా ఉద్యోగమూ ఆగిపోతుంది. ఫోన్ మోగితే చాలు, ఎవరు మానేస్తామంటారోనని పేరు చూసుకుని గానీ ఎత్తేదాన్ని కాదు.

అలాంటి సమయంలో, శ్రావణ మాసంలో, అక్క రావలసిన రోజున రాలేదు.

ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. మర్నాడూ అంతే. డాక్టరుగారికి చెబితే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆవిడ కూడానా?" అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఒకసారి వెళ్ళి చూసి రా అమ్మా. రమ్మని బతిమాలకు. ఎలా ఉందో కనుక్కో చాలు" అన్నారు.

వాన పడుతూనే ఉంది. బ్యారేజీ మీద ఆటోలో వెళుతుంటే కింద గోదావరి ఎర్రగా, ఒడ్లు ఒరుసుకుంటూ పోతోంది. బతిమాలొద్దన్నారు గానీ ఏ మాటలతో బతిమాలాలా అని దారి పొడవునా కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఆవిడ మానేస్తుందేమోనన్న భయం తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

వాళ్ళ వీధిలో ప్రతి ఇంటి పంచలోనూ పొగ లేస్తోంది. పండగల ముందు పూతరేకులకు గిరాకీ ఎక్కువ. వాళ్ళింటి ముందు మాత్రం పొయ్యి ఆరిపోయి, కుండ మీద గోనెపట్టా కప్పి ఉంది. అక్క గుమ్మంలోనే కూర్చుని ఉంది. నన్ను చూసి గభాలున లేవబోయి ఆయాసంతో తలుపు పట్టుకుంది.

"రేపొస్తానమ్మాయ్. ఇవాళ్టికి వెళ్ళిపో."

"మీకెలా ఉందో చూద్దామని వచ్చానండి. ఫోన్ ఎందుకు కట్టేశారు?"

"నాకేం? బానే ఉన్నాను. చూశావుగా, ఇక వెళ్ళిరా తల్లీ."

ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఎప్పుడు వెళ్ళినా ముందు మంచినీళ్ళిచ్చే మనిషి. లోపల్నుంచి సన్నటి మూలుగు వినిపించింది. నేను ఆవిడ చెయ్యి పక్కకు తీసి లోపలికి వెళ్ళాను. ఆవిడ ఆపలేదు. ఆపే ఓపిక లేదు.

చెల్లెలు మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే కళ్ళు తెరిచింది. ఆ కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. చేతులూ మెడా అదే రంగు. పొట్ట ఉబ్బిపోయింది. మంచం పక్కన గ్లాసులో ఆకుపచ్చటి పసరు, దాని పక్కన మాత్రల అట్ట. ఆ అట్ట నేనిచ్చిందే. ఒక వరస ఖాళీ, ఒక వరస సగం ఖాళీ.

నేను ఆ అట్ట చేతిలోకి తీసుకున్నాను.

"ఎప్పట్నించి?" అన్నాను.

"కామెర్లా? పది రోజులైందేమో. పసరు పోస్తారంటే పక్క ఊరు తీసుకెళ్ళి పోయించుకొచ్చాను. నిన్నా మొన్నా అక్కడే ఉన్నాం. తగ్గుతుందన్నారు."

"మాత్రలు ఎప్పట్నించి అని అడుగుతున్నానండి."

అక్క గోడకు జారబడి కింద కూర్చుంది. "మొదట్నించీ. పొద్దుటిది నాది, సాయంత్రానిది దానిది."

అంబులెన్సుకు ఫోన్ చేస్తే వరద డ్యూటీల మీద ఉన్నాయి, ఆలస్యమవుతుందన్నారు. వీధి చివర ఒకాయన కారు తీశారు. చెల్లెలి తల నా ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. అక్క ఆమె కాళ్ళు పట్టుకుని కూర్చుంది. బ్యారేజీ మీద లారీలు ఆగిపోయి బండి కదలడం లేదు. నేను అద్దం దించి ముందున్నవాళ్ళ మీద అరిచాను. నేనంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు.

చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "మా అక్కని తీసేస్తారా అమ్మాయ్?"

"ఆ మాటలిప్పుడు వద్దండి."

"నేనే అడిగాను. ఒక పూట నాకియ్యవే అని నేనే అడిగాను. తన తప్పేం లేదు."

"అబద్ధమమ్మాయ్" అంది అక్క. "ఇది వద్దే వద్దంది. నేనే బలవంతాన నోట్లో వేశాను. రాసుకుంటే నా పేరు రాసుకో."

ఆసుపత్రికి చేరేదాకా ఇద్దరూ అదే మాట మీద ఉన్నారు. ఎవరు నిజం చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

డాక్టరుగారు చెల్లెల్ని చూడగానే ఐసీయూకి పంపించేశారు. వరండాలో ఆయన్ని పక్కకు పిలిచి జరిగింది చెప్పాను. ఆయన నా చేతిలోంచి అట్ట తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"లోపల ఆవిడ మింగింది ఏంటో తెలియాలి. అట్టలో ఉన్నది మందా, ఉత్తి బిళ్ళా అన్నది బయటపెట్టమని అడుగుదాం" అన్నారు.

"అడిగితే అక్కకు మందు ఆపేస్తారు సార్."

"తెలుసమ్మా. ముందు ఈవిడ బతకాలి కదా."

ఎవరికి ఏ మాత్ర వెళ్ళిందో ఒకసారి బయటపడ్డాక ఆ మనిషికి ఇక మందు ఇవ్వకూడదన్నది ఆ ట్రయల్ నియమం. అది తెలిసే అడిగాం. సాయంత్రానికి జవాబు వచ్చింది. అసలు మందే.

ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్న అక్కకు ఆ సంగతి డాక్టరుగారే చెప్పారు. ఆవిడ మొదట అర్థం కానట్టు చూసింది. "మందేనా? ఉత్తి బిళ్ళ కాదా?" అని మళ్ళీ అడిగింది. ఆయన తలూపారు. ఆవిడ నావైపు తిరిగింది.

"నాకు గుణం కనిపిస్తుంటే మందేనేమో అనుకునేవాళ్ళం. దానికి కనిపించకపోతే, దాని వంతుకు ఉత్తిది వస్తోందేమోనని నవ్వుకునేవాళ్ళం. ఉత్తిదైనా బాగుండేది కదమ్మాయ్."

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను.  

చెల్లెలు ఆ వారం దాటలేదు. చివరి రెండు రోజులూ అక్కను కూడా గుర్తుపట్టలేదు. కాలేయం పూర్తిగా పోయిందన్నారు. మందువల్లా, పసరువల్లా, పాత జబ్బువల్లా అంటే మూడూ కలిసి అని డాక్టరుగారు రాశారు. వాళ్ళ తమ్ముడి కొడుకు వచ్చి తలకొరివి పెట్టాడు. అతనూ భార్యా ఆ ఇంట్లోనే ఉండిపోయారు.

తర్వాత కంపెనీ నుంచి వచ్చిన ఆదేశం చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడకు మందు ఆపేయాలి. మనిషిని మాత్రం వదులుకోకూడదు. చివరిదాకా పిలిచి పరీక్షలు చేయాలి. ఆవిడ ఒప్పుకుంటేనే సుమా. ఒప్పించే పని నాది.

కార్యాలు అయ్యాక వెళ్ళాను. అక్క బాగా చిక్కిపోయింది. తమ్ముడి కోడలు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. నేను నోరు తెరవకముందే ఆవిడే అడిగింది.

"నా మందు తెచ్చావా?"

"లేదండి. ఇక ఇవ్వకూడదన్నారు."

"ఎందుకని? అది పోయిందిగా. ఇప్పుడింక ఎవరికి పంచుతాను?"

నేను తల దించుకున్నాను. పంచినందుకు కాదండి, ఏ మాత్రో తెలిసిపోయినందుకు అని చెప్పాను. ఆ మాట నా చెవులకే అన్యాయంగా వినిపించింది.

"మందు లేకుండా మరి దేనికొచ్చావు?"

"పరీక్షలకు వస్తారేమో అడగడానికండి. ఊదే పరీక్ష, నడిచే పరీక్ష. మందు ఆపాక మీకెలా ఉంటుందో రాసుకోవాలట."

"నాకేంటి లాభం?"

ఇలాంటప్పుడు చెప్పడానికి మా దగ్గర నేర్పిన మాటలు ఉంటాయి. డాక్టరు దగ్గరుండి చూస్తారని, రేపు ఇంకొకరికి మేలు జరుగుతుందని. ఆ కుండ మీద గోనెపట్టా చూస్తూ అవేవీ అనలేకపోయాను.

"మీకేం లాభం లేదండి" అన్నాను.

ఆవిడ వస్తాననలేదు, రాననలేదు. నేను బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చి, "వాళ్ళనోసారి అడిగి చూడమ్మాయ్. నాకు బతకాలనుంది" అంది.

అడిగాను. మానిటర్‌ని అడిగాను, అతని పైవాళ్ళను అడిగాను. డాక్టరుగారి చేత ఉత్తరం రాయించాను. ట్రయల్స్‌కు అనుమతులిచ్చే నైతిక కమిటీ పెద్దాయన ఇంటికి వెళ్ళి వాకిట్లో నిలబడ్డాను. అందరూ జాలిగానే విన్నారు. ఒకరి తర్వాత ఒకరు కుదరదన్నారు. ఒకరికి సడలిస్తే మొత్తం ట్రయల్ ఎందుకూ కొరగాకుండా పోతుందన్నారు. ఆ మాటలో తప్పు లేదని నాకు తెలుసు. చదువుకున్నాను కాబట్టి తెలుసు. అయినా ఆ మందు డబ్బాలు నా గదిలోనే, తాళం వేసిన ఫ్రిజ్‌లో ఉండేవి. తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఎన్నోసార్లు ఆ ఫ్రిజ్ ముందు నిలబడ్డాను. తీయలేదు. తీయకపోవడం మంచి పనే అయినా నాకు మనసు కుదుటపడలేదు.

బయట దొరికే మందు డాక్టరుగారు రాసిచ్చారు. అది ఆవిడకు పడలేదు. తిన్నది తిన్నట్టు బయటికి వచ్చేస్తుంటే కొన్నాళ్ళకు మానేసింది.

నేను ఆశ వదులుకున్న తర్వాత ఒకరోజు ఆవిడ తనంతట తనే వచ్చింది. తమ్ముడి కోడలి భుజం పట్టుకుని మెట్ల దగ్గర ఆగి ఆగి వచ్చింది. "మళ్ళీ మందు ఇస్తున్నారా?" అని అడిగింది. లేదన్నాను. "సరే, వచ్చాంగా, ఊదించు" అంది.

గొట్టం నోట్లో పెట్టుకుని ఊదింది. సగంలోనే దగ్గు తెర వచ్చి పెదవులు నల్లబడ్డాయి. నర్సు ఇంకోసారి ఊదించాలంది, మూడుసార్లు ఊదితేనే పరీక్ష లెక్కలోకి వస్తుంది. నేను వద్దన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. కళ్ళలో నీళ్ళు కారుతుంటే మూడుసార్లూ ఊదింది. తర్వాత నా కంప్యూటర్ వైపు చూసి, "ఎంతొచ్చింది?" అంది. నేను చెప్పలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

అదే ఆవిడ చివరిసారి రావడం. కానీ మానేస్తానని మాత్రం అనలేదు. కాబట్టి కాగితాల మీద ఆవిడ ఇప్పటికీ మా ట్రయల్‌లోనే ఉంది. విశాఖపట్నంలో ఒక హోటల్లో జరిగిన సమావేశంలో మా సెంటర్‌ను మెచ్చుకున్నారు. మొదట్లో మానేసిన ఆ ఇద్దరి తర్వాత ఒక్కరు కూడా చేజారలేదట. మీరేం చేస్తారో నలుగురికీ చెప్పండి అని మైకు నా చేతికిచ్చారు. ఫోన్లు చేస్తానండి, ఆటో ఖర్చులు ఆలస్యం కానివ్వనండి అని చెప్పి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఇప్పుడు ఆవిడ విషయంలో నేను చేయవలసింది ఒక్కటే. అప్పుడప్పుడు ఫోన్ చేసి, బతికి ఉందో లేదో కనుక్కుని రాయాలి. మొదట్లో "ఉన్నానమ్మాయ్, రాసుకో" అనేది. కోపంతో కాదు, మామూలుగానే. పోయిన చెల్లెలి గురించి ఏదో ఒకటి చెప్పేది. పల్చటి రేకు తీయడంలో దాని చెయ్యే చెయ్యి అనేది. తర్వాత్తర్వాత మాటలు చిన్నవైపోయాయి. "ఉన్నాను" అని, "ఊఁ" అని.

మొన్న ఫోన్ చేస్తే తమ్ముడి కోడలు ఎత్తి, "మాట రావట్లేదండి, చెవి దగ్గర పెడుతున్నాను" అంది. అవతల ఆక్సిజన్ మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"పిన్నిగారూ, నేనండి. వినిపిస్తే ఫోన్ మీద వేలితో కొట్టండి చాలు" అన్నాను.

చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత చిన్నగా టక్ మని వినిపించింది.

నేను కంప్యూటర్లో జీవించి ఉన్నారు అన్న గడి మీద నొక్కాను. అక్కడితో నా పని అయిపోయింది. కానీ ఫోన్ పెట్టేయడానికి చెయ్యి రాలేదు. ఏం చెప్పాలో తోచక, ఇక్కడ మబ్బు పట్టిందండి, సాయంత్రానికి వాన వచ్చేలా ఉంది అన్నాను. మళ్ళీ టక్ మంది.